కొండ మీద మంచు, కుళాయిలో నీళ్లు

పోయిన సంచికలో ఈ పేజీలో సియెరా నెవాడా కొండల ఫోటో ఒకటి వేసి, కాలిఫోర్నియా నీటి అవసరాల్లో సగటున 30 శాతం దాకా ఈ మంచు నుంచే తీరుతుందని కింద ఒక ముక్క రాశాను. అంతే, ఉత్తరాలు, మెయిళ్లు, వాట్సాప్ మెసేజ్‌లు వరసపెట్టి వచ్చాయి. చాలామంది అడిగింది ఒకటే: ఇంత మంచు పడ్డాక ఇంకా కరువేమిటని. ఏళ్ల తరబడి నన్నూ పట్టుకుని వదలని ప్రశ్నే అది. అందుకే ఈసారి పేజీ అంతా దానికే ఇచ్చేస్తున్నాను. పేర్లు వేయొద్దని కొందరు కోరారు కాబట్టి ఎవరివీ వేయడం లేదు.

ప్రశ్న: మేం శాక్రమెంటో పక్కన ఉంటాం. వారం రోజుల నుంచి టీవీలో ఒకటే మంచు వార్తలు. తాహో దారి మూసేశారు, కార్లు కనపడకుండా మునిగిపోయాయి. మా ఆయన "ఇంక కరువు పోయినట్టే, లాన్‌కి హాయిగా నీళ్లు పెట్టుకోవచ్చు" అంటున్నారు. నాకెందుకో నమ్మకం కుదరడం లేదు. ఎవరు రైట్?

జవాబు: మీ అనుమానమే రైటండీ. మీవారి ఆశ తప్పని అనను గానీ, ఇల్లు అలకగానే పండగైపోదు కదా. దీనికి 2021 డిసెంబరును మించిన ఉదాహరణ నాకు కనపడదు. సియెరా కొండల్లో డానర్ పాస్ అనే కనుమ దగ్గర బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ల మంచు పరిశోధనశాల ఉంది, అక్కడ పడిన మంచును దశాబ్దాలుగా కొలిచి రాస్తున్నారు. ఆ డిసెంబరు ఒక్క నెలలో అక్కడ 193 అంగుళాలకు పైగా పడింది, అంటే 16 అడుగులు. 1970 డిసెంబరులో పడిన 179 అంగుళాల రికార్డు చెరిగిపోయింది. నెలాఖరుకు రాష్ట్రం మొత్తం మీద చూసినా, ఆ తేదీకి ఉండాల్సిన మంచులో 160 శాతం ఉంది. అందరం హమ్మయ్య అనుకున్నాం.

తర్వాత జనవరి పోయింది, ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది, చెప్పుకోదగ్గ తుపాను ఒక్కటీ రాలేదు. వందేళ్లకు పైబడిన రికార్డుల్లో అంత పొడిగా గడిచిన జనవరి-మార్చి ఇంకొకటి లేదు. ఏప్రిల్ 1న లెక్క తీస్తే మంచు సగటులో 38 శాతం. డిసెంబరులో మన కళ్లముందు కొండంత ఉన్నది మూడు నెలల్లో అలా తగ్గిపోయింది. ఆ సంవత్సరం రైతులు పడ్డ అవస్థ తలుచుకుంటే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది. ఎందుకంటే క్రిస్మస్ నాటి వార్తలు చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్లు వాళ్లలో చాలామంది ఉన్నారు.

అందుకే ఇక్కడి నీటిశాఖవాళ్లు ఏ అంకె అడిగినా ఏప్రిల్ 1 అంకె చెబుతారు. మామూలుగా కొండల మీద మంచు ఎక్కువగా పేరుకుని, ఇక కరగడం మొదలయ్యేది ఆ రోజుల్లోనే. అప్పటిదాకా ఎంత మంచు పడినా అది ఇంకా కోతకు రాని పంటే. ఇంకో మాట, కరువు అనేది ఒకే ముక్క కాదు. పైన నేలకు ఉండే దాహం రెండు మంచి వానలకు తీరుతుంది, జలాశయం లోటు ఒక మంచి సీజన్‌కు తీరుతుంది, భూమి అడుగున ఉన్న నీళ్ల లోటు తీరడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. లాన్ సంగతి ఏప్రిల్ దాకా ఆగమని మీవారికి నా మాటగా చెప్పండి.

ప్రశ్న: వాన పడినా నీళ్లే, మంచు పడినా నీళ్లే. మంచు గురించే ఎందుకంత టెన్షన్?

జవాబు: నీళ్లు ఒకటే, వచ్చే వేళ వేరు. కాలిఫోర్నియాలో ఏడాది మొత్తానికి పడే వానలో ఎక్కువ భాగం నవంబరు, మార్చి మధ్యలోనే పడిపోతుంది. పంటకు, ఊళ్లకు నీళ్లు బాగా కావలసింది జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అప్పుడు ఆకాశం నుంచి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. జనవరిలో పడిన వాన కొద్ది రోజుల్లో వాగులు దాటి, ఏరులు దాటి సముద్రం పాలవుతుంది. అదే నీరు మంచుగా పడితే కొండ మీదే కూర్చుని, ఏప్రిల్ నుంచి జూలై దాకా కొంచెం కొంచెంగా దిగుతుంది. ఎవరూ కట్టని ఆనకట్ట అది. ఇక్కడి కాలవలు, డ్యాములు, నీళ్ల హక్కులు అన్నీ ఆ నెమ్మదిని నమ్ముకుని కట్టినవే.

2015 చూడండి. ఆ చలికాలం వాన మరీ ఘోరంగా తక్కువేమీ కాదు, కానీ చలి లేదు. మంచుగా పడాల్సింది వానగా పడింది, పడిన కాస్త మంచూ ముందే కరిగిపోయింది. ఏప్రిల్ 1న అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఫిలిప్స్ స్టేషన్‌లో మంచు కొలిచే చోటికి వెళ్లి నిలబడితే కాళ్ల కింద ఎండు గడ్డి. 6,800 అడుగుల ఎత్తున, మామూలు సంవత్సరమైతే అయిదడుగుల మంచు ఉండాల్సిన చోట. రాష్ట్రం మొత్తం మీద సగటులో 5 శాతమే తేలింది. పట్టణాలన్నీ కలిపి నీటి వాడకం 25 శాతం తగ్గించాలని ఆ గడ్డి మీద నిలబడే ఉత్తర్వు ప్రకటించారు, రాష్ట్ర చరిత్రలో అలాంటి నిర్బంధం అదే మొదటిసారి. ఆ ఫోటో నేను దాచుకున్నాను. వాన లేక వచ్చే కరువు మనకు బాగా తెలుసు. వేడి వల్ల మంచు లేక వచ్చే కరువును మాత్రం ఇంకా సరిగా గుర్తుపట్టడం లేదు. ఎండలు ముదిరే కొద్దీ ఇదే ఎక్కువవుతుందని నా భయం.

ప్రశ్న: మంచు అంత విశాలంగా పడుతుంది కదా, అందులో ఇన్ని నీళ్లున్నాయని ఎలా చెబుతారు? అంచనాయేనా?

జవాబు: అంచనా కాదండీ, తూకం. నాకు చాలా ఇష్టమైన విషయం ఇది, కాస్త వివరంగా చెప్పనివ్వండి.

ఒక సన్నని అల్యూమినియం గొట్టం ఉంటుంది, పైన అంగుళాల గీతలు, కింది అంచుకు రంపం పళ్లు. మంచు లోతును బట్టి ముక్కకు ముక్క మర బిగించి పొడుగు చేసుకుంటారు. దాన్ని నిలువుగా పట్టుకుని మంచులోకి దింపుతూ, గట్టి పొర తగిలితే తిప్పుతూ, నేల తగిలేదాకా నెడతారు. పైకి లాగాక అంచులో కాస్త మట్టి, గడ్డి అంటుకుని ఉండాలి. అది ఉంటేనే గొట్టం నేలదాకా వెళ్లినట్టు లెక్క, లేకపోతే మళ్లీ మొదలు. ఆ మట్టిని చాకుతో గీకి తీసేసి, మంచుతో నిండిన గొట్టాన్ని స్ప్రింగు త్రాసుకు వేలాడదీస్తారు. ఖాళీ గొట్టం బరువు తీసేస్తే మిగిలేది మంచు బరువు. గొట్టం వెడల్పు ఎలా పెట్టారంటే, లోపలి మంచు ఒక ఔన్సు తూగితే ఒక అంగుళం నీళ్లు అని నేరుగా చదివేసుకోవచ్చు. ఇలా ఒక వరసలో కొన్నిచోట్ల కొలిచి సగటు తీస్తారు.

లోతు కంటే బరువు ఎందుకంటే, మంచు చూపులకు మోసం చేస్తుంది. అప్పుడే పడిన పొడి మంచు పది అంగుళాలు కరిగితే ఒక అంగుళం నీళ్లు వస్తాయి. అదే మంచు నెలల తరబడి తన బరువుకు తానే అణిగి, వసంతానికి రెండున్నర అంగుళాలకే ఒక అంగుళం నీళ్లయ్యేంత గట్టిపడుతుంది. 2023 ఏప్రిల్ 3న అదే ఫిలిప్స్ స్టేషన్‌లో 126.5 అంగుళాల మంచు ఉంది, అందులో 54 అంగుళాల నీళ్లు. రాష్ట్రమంతటికీ ఆ ఏడాది లెక్క సగటులో 237 శాతం. ఎనిమిదేళ్ల కింద ఎండు గడ్డి ఉన్న చోటే ఇద్దరు మనుషులు ఒకరి మీద ఒకరు నిలబడ్డంత మంచు!

ఈ పద్ధతికి ఆద్యుడు జేమ్స్ చర్చ్ అని నెవాడా యూనివర్సిటీలో లాటిన్ పాఠాలు చెప్పే ప్రొఫెసర్. సరదాగా 1895 చలికాలంలో మౌంట్ రోజ్ శిఖరం ఎక్కినవాడు ఆ కొండను వదల్లేదు. తాహో సరస్సు నీటిమట్టం విషయంలో ఒడ్డున ఇళ్లున్నవాళ్లకూ, కింద నీళ్లు వాడుకునేవాళ్లకూ గొడవలు నడుస్తున్న రోజులవి. కొండ మీది మంచును తూచి, సరస్సు ఈ వసంతంలో ఎంత పెరుగుతుందో ముందే చెప్పవచ్చని ఆయన చేసి చూపించాడు. ఇప్పుడు మంచు కింద పరిచి పైనున్న బరువును గంటగంటకూ పంపే దిండ్ల లాంటి యంత్రాలున్నాయి. 2013 నుంచి విమానంలో ఎగురుతూ లేజర్‌తో కొలిచే పద్ధతి కూడా వచ్చింది. గొట్టం పట్టుకుని వెళ్లేవాళ్లు మాత్రం ఇప్పటికీ వెళుతున్నారు.

మీ ఇంటి దగ్గర మంచు పడితే పిల్లలతో ఒక పని చేయించండి. స్టీలు గ్లాసును మంచులో ముంచి, వేలితో నొక్కకుండా అంచు వరకూ నింపి, లోపల పెట్టి కరగనివ్వండి. అడుగున మిగిలిన నీళ్లు చూశాక పిల్లలకు ఇంక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: 2021లో మంచు సగటులో 60, 70 శాతం ఉందన్నారు. కానీ డ్యాముల్లోకి అందులో సగం నీళ్లు కూడా రాలేదు. మిగతావి ఎటు పోయాయి? ఎవరైనా మళ్లించారా?

జవాబు: ఎవరూ మళ్లించలేదు, నేల తాగేసింది. అంతకుముందు ఏడాది కూడా వానలు సరిగా లేక కొండల మట్టి లోతుదాకా బీటలు వారి ఉంది. మంచు కరిగిన నీళ్లు ముందు ఆ దాహం తీర్చి, ఏమైనా మిగిలితేనే వాగులోకి వస్తాయి. ఆ వసంతం ఎండలు కూడా త్వరగా ముదిరాయి, గాలి పొడిగా ఉంది. అలాంటప్పుడు మంచు కొంత నీళ్లు కాకుండానే నేరుగా ఆవిరైపోతుంది. ఫలితంగా వేసుకున్న అంచనాలు కొద్ది వారాల్లో తలకిందులయ్యాయి. ఉత్తర కాలిఫోర్నియాలోని ఒరోవిల్ జలాశయం అడుగంటి, ఆగస్టు 5న అక్కడి జలవిద్యుత్ కేంద్రాన్ని ఆపేయాల్సి వచ్చింది. నీళ్లు చాలక దాన్ని ఆపడం కట్టినప్పటి నుంచి అదే మొదటిసారి. సుమారు 150 టీఎంసీలు పట్టే జలాశయం అది.

అందుకే నేను ఎవరైనా మంచు శాతం చెబితే వెంటనే అడిగేది, పోయిన ఎండాకాలం నేల ఎలా ఉంది అని. మంచు ఎంత పడింది అన్నది సగం మాటే. ఎప్పుడు కరిగింది, కరిగి ఎటు పోయింది అన్నది తెలిస్తేగాని లెక్క తేలదు. కొలరాడోలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఎడారి నుంచి గాలికి లేచిన ఎర్రమట్టి వచ్చి శాన్ హువాన్ కొండల మంచు మీద పడుతుంది. తెల్లని మంచు ఎండను తిప్పి కొడుతుంది, మట్టి పట్టిన మంచు ఎండను లోపలికి పీల్చుకుంటుంది, దాంతో కొన్ని ఏళ్లలో మూడు నాలుగు వారాలు ముందే కరిగిపోతోంది.

ప్రశ్న: ఒక పక్క కరువు, పొదుపు చేయండి అంటారు. ఇంకో పక్క చలికాలంలో గేట్లెత్తి నీళ్లు వదిలేస్తారు. చూస్తుంటే కడుపు మండిపోతుంది. ఇది న్యాయమేనా?

జవాబు: మీ మంట నాకు అర్థమవుతుంది. కానీ చలికాలంలో ఆ డ్యాముకు రెండు పనులు, నీళ్లు దాచడం ఒకటి, వరద ఆపడం రెండోది. రెండో పనికి లోపల ఖాళీ ఉండాలి. కొండ మీద మంచు దండిగా ఉన్నప్పుడు వెచ్చని తుపాను వచ్చి దాని మీద వాన కురిస్తే గోరుచుట్టు మీద రోకటిపోటే, వాన నీళ్లూ మంచు నీళ్లూ కలిసి ఒకేసారి దిగుతాయి. 2017 ఫిబ్రవరిలో ఒరోవిల్ దగ్గర ఇదే జరిగింది. నిండిన జలాశయం, విడవని వాన, నీళ్లు వదిలే కాంక్రీటు కాలవ మధ్యలో కూలిపోయింది. అత్యవసర మార్గం మీదుగా నీళ్లు పొర్లితే దాని కింది నేల కోసుకుపోయింది. గంటల వ్యవధిలో 1,88,000 మందిని ఇళ్లు వదిలి వెళ్లమన్నారు. కట్టడంలో లోపాలూ ఉన్నాయి, అది వేరే కథ. డ్యామును నిండుకుండలా పెట్టుకుని జనవరిలో కూర్చోలేమని చెప్పడానికి ఇది చాలు.

అయినా మీరన్నదాంట్లో న్యాయం ఉంది. ఎప్పుడు ఎంత ఖాళీ ఉంచాలన్న నిబంధనల పుస్తకాలు చాలా డ్యాములకు ఎప్పుడో దశాబ్దాల కింద, ఇప్పటిలాంటి వాతావరణ అంచనాలు లేని రోజుల్లో రాసినవి. మెండోసినో సరస్సు (పేరుకు సరస్సే గానీ, అదీ డ్యాము జలాశయమే) సంగతి వింటే మీరు ఇంకా బాధపడతారు. 2012 డిసెంబరులో పెద్ద వాన వచ్చింది, పుస్తకం ప్రకారం ఎక్కువైన నీళ్లు వదిలేశారు, ఆ తర్వాత 2013 అంతా వాన లేదు, సరస్సు అడుగంటింది. రాబోయే వారంలో తుపాను లేదని వాతావరణ అంచనా చెబుతున్నప్పుడు కూడా వదలాల్సిందేనా అని అప్పుడు గట్టిగా ప్రశ్న లేచింది. ఆ సరస్సు దగ్గరే, అంచనాలు చూసి నీళ్లు ఉంచాలో వదలాలో తేల్చుకునే కొత్త పద్ధతి మొదలుపెట్టారు, అది పనిచేసింది కూడా. ప్రతి పెద్ద డ్యాముకూ ఇది రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. కొత్త డ్యాము కట్టడం కంటే ఇది ఎంతో తేలిక.

ప్రశ్న: ఫ్రెస్నో దగ్గర బాదం తోట చేస్తున్నాను. 2023లో మంచు విరగబడింది, వసంతంలో మా దిగువన పొలాలు మునిగిపోయాయి. అయినా మా బోరులో నీటిమట్టం పాతికేళ్ల కింద ఉన్నదానికి దరిదాపులకు కూడా రాలేదు. ఇన్ని నీళ్లు కళ్లముందు పారుతుంటే బోరులోకి ఎందుకు దిగవు?

జవాబు: అన్నా, ఈ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ప్రశ్నకే ఎక్కువ జాగా ఇస్తున్నాను, ఎందుకంటే అసలు కరువు ఉన్నది అక్కడే.

శాన్ వాకీన్ లోయలో భూమిలోకి ఇంకేదానికంటే పైకి తోడేది ఏడాదికి సగటున దాదాపు 20 లక్షల ఎకరం-అడుగులు ఎక్కువ (ఎకరం నేల మీద అడుగు లోతున నిలిచే నీళ్లు ఒక ఎకరం-అడుగు). మన లెక్కలో 87 టీఎంసీలు. ఒక ఏడాది కాదు, కొన్ని దశాబ్దాలుగా ఇదే వరస. ఒక్క మంచి చలికాలం వచ్చి ఆ అప్పు తీర్చమంటే ఎలా తీరుస్తుంది? మెండోటా దగ్గర 1977లో తీసిన ఒక ఫోటో ఉంది, మీరూ చూసే ఉంటారు. కరెంటు స్తంభం పక్కన జోసెఫ్ పోలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త నిలబడి ఉంటాడు. స్తంభానికి చాలా ఎత్తున 1925 అని ఒక పలక, మధ్యలో 1955 అని ఒకటి, ఆయన కాళ్ల దగ్గర 1977. ఆయా సంవత్సరాల్లో నేల ఉండిన ఎత్తులు అవి. యాభై ఏళ్లలో నేల 9 మీటర్ల దాకా కుంగింది.

ఆ కుంగడమే మీ ప్రశ్నకు సగం జవాబు. భూమి లోపల ఇసుక పొరలు, బంకమట్టి పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. నీళ్లు తోడేస్తే ఇసుక పొర పెద్దగా మారదు, మళ్లీ నీళ్లొస్తే నిండుతుంది. బంకమట్టి అలా కాదు. అందులోని రేకుల్లాంటి రేణువుల మధ్య ఉన్న నీళ్లు పోయాక అవి ఒకదానికొకటి అతుక్కుని చపాతీల దొంతరలా అణిగిపోతాయి. తర్వాత పైన సముద్రమే పారినా ఆ ఖాళీ మళ్లీ తెరుచుకోదు. పోయింది నీళ్లు మాత్రమే కాదు, నీళ్లు దాచుకునే చోటు కూడా.

మిగతా సగం జవాబు, వరద పారిన చోటు. మీ దిగువన మునిగినవి తులారె సరస్సు పొలాలు అయ్యుంటాయి. ఒకప్పుడు మిసిసిపీ నదికి పడమరన అంతకంటే పెద్ద మంచినీటి సరస్సు లేదు. ఏరులన్నీ సాగుకు మళ్లించి, దాన్ని ఎండబెట్టి పొలాలు చేశారు. 2023లో సియెరా మంచు కరిగి దిగేసరికి ఆ సరస్సు మళ్లీ లేచి లక్ష ఎకరాలకు పైగా పరుచుకుంది. కానీ సరస్సు అడుగు అంతా గట్టి బంకమట్టే, అక్కడ నీళ్లు ఎంతకాలం నిలబడినా లోపలికి ఇంకేది తక్కువ. ఇంకాలంటే ఇసుక నేల కావాలి, అదీ కొండల నుంచి ఏరు దిగే చోట.

పని జరగలేదని మాత్రం అనుకోకండి. 2023 మార్చిలో గవర్నర్ ఉత్తర్వు ఇచ్చి, వరద నీటిని పొలాల్లోకి, ఇంకుడు చెరువుల్లోకి మళ్లించడానికి పర్మిట్ల చిక్కులు సడలించారు. ఆ నీటి సంవత్సరంలో (అక్టోబరు నుంచి సెప్టెంబరు దాకా లెక్క) రాష్ట్రం మొత్తం మీద మనుషులు పనిగట్టుకుని భూమిలోకి ఇంకించింది 41 లక్షల ఎకరం-అడుగులు, అంటే సుమారు 180 టీఎంసీలు. చిన్న సంగతి కాదు. బాదం చెట్లు ఆకు రాల్చి నిద్రలో ఉన్న డిసెంబరు, జనవరి నెలల్లో తోటలో నీళ్లు నిలబెట్టి ఇంకించవచ్చని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు తోటల్లోనే చేసి చూశారు. మీ నేల ఇసుక నేలైతే, మీ నీటి జిల్లా (సాగునీళ్లు పంచే స్థానిక సంస్థ) వాళ్ల దగ్గరికి వెళ్లి వచ్చే చలికాలం వరద నీళ్లు మీ తోటకు ఇవ్వగలరా, కాలవ తూము ఉందా అని ఇప్పుడే అడగండి. వరద వచ్చాక అడిగితే గేటు తెరిచేవాడు ఉండడు. 2014 భూగర్భజల చట్టం ప్రకారం 2040 నాటికి తోడడం, ఇంకడం సమానం కావాలి, ఎలాగూ కొన్ని తోటలు తీసేయక తప్పదు. ఆ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది. కానీ ఇంకా లోతుకు బోరు వేయమని సలహా ఇస్తే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను.

ప్రశ్న: వెగాస్‌లో ఉంటున్నాం. మీడ్ సరస్సుకు వెళ్తే బండల మీద తెల్లని చార ఎంత ఎత్తున ఉందో! కొలరాడో కొండల మీద రెండు మంచి మంచు సంవత్సరాలు వస్తే నిండిపోదా?

జవాబు: రెండు చాలవండీ. నిండితే 1,100 టీఎంసీలకు పైగా పట్టే సరస్సు అది. 2022 జూలైలో పూర్తి మట్టానికి 190 అడుగుల దాకా కిందికి పోయింది. 2023లో కొలరాడో కొండల మీద మంచు చాలా బాగా పడింది, ఎగువనున్న పావెల్ సరస్సు 60 అడుగులకు పైగా లేచింది. అయినా అదింకా నిండు మట్టానికి వంద అడుగులకు పైగా కిందే ఆగింది. ఒక్క మంచి ఏడాది చేయగలిగింది అంతే.

అసలు తప్పు, ఈ సరస్సులను నింపే కొలరాడో నది నీళ్లను రాష్ట్రాలు పంచుకున్న 1922 నాటి ఒప్పందంలో ఉంది. అప్పట్లో వరసగా తడి సంవత్సరాలు, వాటిని చూసి నదిలో ఉన్నదానికంటే ఎక్కువ పంచేశారు. ఎగువ, దిగువ రాష్ట్రాలకు, తర్వాత మెక్సికోకు కలిపి రాసిచ్చింది 165 లక్షల ఎకరం-అడుగులు. 2000 నుంచి నదిలో సగటున వస్తున్నది 125 లక్షలకు మించడం లేదు. మీ ఊరివాళ్లు ఇంట్లో వాడిన నీళ్లు దాదాపు అన్నీ శుద్ధి చేసి తిరిగి సరస్సులోకే పంపుతారు, కాబట్టి స్నానం గురించి అపరాధభావం వద్దు. తిరిగి రానిది ఆరుబయట పోసిన నీళ్లే. అందుకే ఎవరూ నడవని అలంకారపు గడ్డి తీసేయాలని నెవాడా 2021లో చట్టం చేసింది.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. మేఘాల్లో ఏదో చల్లి మంచు కురిపించవచ్చట కదా, మరి ఎందుకు చేయరు అంటున్నాడు.

జవాబు: చేస్తున్నారమ్మా, ఐడహో, యూటా లాంటి చోట్ల ఎప్పటినుంచో. మేఘంలో సున్నా కంటే చల్లబడినా ఇంకా గడ్డకట్టని నీటి బిందువులుంటాయి. సిల్వర్ అయోడైడ్ రేణువులు చల్లితే వాటి చుట్టూ మంచు పలుకులు కడతాయి. 2017లో ఐడహోలో విమానంతో చల్లి, వెనకే రాడార్‌తో చూస్తే, చల్లిన దారి వెంటే మంచు గీతల్లా పడటం కనిపించింది. కానీ మేఘం వచ్చి ఉండాలి. మేఘమే లేని 2022 జనవరిలో ఎంత చల్లినా లాభం లేదు. మీ అబ్బాయిని ఇంకా అడగమనండి, జవాబులు రాస్తాను.

ప్రశ్న: సియెరా కింది కొండల్లో అరెకరం జాగాలో పాత ఇల్లు బేరం చేస్తున్నాం. ఊరి కుళాయి లేదు, సొంత బోరే. పోయిన చలికాలం మంచు బాగా పడింది కదా, బోరు ఫుల్‌గా ఉంది, ఏం భయం లేదు అంటున్నాడు ఏజెంటు. అడ్వాన్సు ఇచ్చేయమంటారా?

జవాబు: తొందరపడకండి. ఆ కొండల్లో బోర్లు చాలావరకు రాతి పగుళ్లలో ఊరే నీళ్లమీద నడుస్తాయి. పక్కపక్క ఇళ్లలోనే ఒకరికి ధార, ఒకరికి చుక్క. మంచు కరిగే మే నెలలో ఏ బోరైనా బాగానే కనిపిస్తుంది. మీరు చూడాల్సింది సెప్టెంబరు చివర, మంచు నీళ్లు పూర్తిగా అయిపోయి వానలు ఇంకా మొదలవకముందు. అప్పటిదాకా బేరం ఆగకపోతే, బోరు తవ్వినప్పుడు రాసిన నివేదిక రాష్ట్ర జలవనరుల శాఖ దగ్గర ఉంటుంది, అందులో లోతు, అప్పట్లో నీళ్లు తగిలిన మట్టం, నిమిషానికి ఎన్ని గ్యాలన్లు వచ్చాయో చూడండి. తర్వాత మీ సొంత మనిషిని పెట్టి కనీసం నాలుగు గంటలు ఆపకుండా పంపు నడిపించి, మట్టం ఎంత పడింది, ఆపాక ఎంతసేపటికి లేచింది రాయించండి. ఇరుగుపొరుగు రెండిళ్లకు వెళ్లి 2015లో, 2021లో మీ బోరు ఎండిందా అని అడగండి. ట్యాంకరు తెప్పించుకున్నామని ఎవరైనా అంటే, ఆ ఇంటి ధరలోంచి కొత్త బోరు ఖర్చు తీసేసి మాట్లాడండి.